సౌండ్‌బోర్డ్ కాదు, జనంలోంచి పట్టిన టేపు వినండి: లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్ మీద నా రివ్యూ

మనవాళ్ళలో చాలామందికి ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అంటే పాత తెలుగు పుస్తకాలు. ఎక్కడా దొరకని శతకమో, తాతల కాలం నాటి పత్రికో కావాల్సి వస్తే అక్కడికెళ్ళి, పేరుని ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు రకాలుగా కొట్టి, ఐదోసారికి ఏదో వింత స్పెల్లింగులో పట్టుకుంటాం. నేనూ అలా పుస్తకం కోసం వెళ్ళినవాణ్ణే. పుస్తకం దొరకలేదు గానీ అదే సైట్లో ఓ మూల లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్ అని కనబడితే, సరే చూద్దాం అని నొక్కాను. రెండేళ్ళయింది. ఆ పుస్తకం ఏమిటో కూడా ఇప్పుడు గుర్తులేదు.

ముందు ఇదేమిటో చెప్తాను, తర్వాత తిడతాను.

రాక్ కచేరీకి వచ్చే జనంలో కొందరు సొంత మైకులు, సొంత రికార్డర్లు తెచ్చుకుని, కూర్చున్న చోటి నుంచే కచేరీ మొత్తం పట్టేస్తారు. వీళ్ళని టేపర్లంటారు. అలా పట్టినవాటిలో బ్యాండు ఒప్పుకున్నవి మాత్రమే ఒకచోట పేర్చి, ఎవరైనా ఉచితంగా వినేలా, చాలావరకు డౌన్‌లోడ్ కూడా చేసుకునేలా పెట్టిన గోడౌను ఇది. 2002లో మొదలైంది. చోటు ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళది, అంటే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ నడిపేవాళ్ళది, సరుకూ మనుషులూ ఈట్రీ అనే బృందానివి. ఆ బృందం 1998 నుంచే నాణ్యత తగ్గని ఫైళ్ళు మాత్రమే పంచుకుంటాం, ఎంపీ3 అంటే ఒప్పుకోం అని పట్టుబట్టి కూర్చున్న జనం. ఇప్పుడక్కడ రెండు లక్షలకు పైగా రికార్డింగులున్నాయి. ప్రకటనలు లేవు, చందా లేదు, వినడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మన కచేరీలో వాయులీనం వాడు తప్పు వాయిస్తే మొహం చిట్లించే రకం మనుషులు అక్కడ మైకు బ్రాండు మీద కొట్టుకుంటుంటారు, అది వేరే వినోదం.

ఇంత సరుకులో నేను వినేది తొంభై శాతం ఒకే బ్యాండు, గ్రేట్‌ఫుల్ డెడ్. కాలిఫోర్నియా వాళ్ళు, 1965లో మొదలై 1995 ఆగస్టులో వాళ్ళ గిటారిస్టు జెర్రీ గార్సియా పోయేదాకా వాయించారు, ఆ ముప్ఫై ఏళ్ళలో దాదాపు 2,300 కచేరీలు. నిన్న వాయించిన పాటల వరస ఇవాళ ఉండదు. ఒకే పాట ఒకరోజు ఆరు నిమిషాలు, ఇంకోరోజు ఇరవై. రెండో సగంలోకి వచ్చాక ఒక పాటలోంచి ఇంకో పాటలోకి ఆగకుండా జారిపోతారు, ఎక్కడ ఇది అయిపోయి అది మొదలైందో వేలు పెట్టి చూపించలేం. స్టూడియో ఆల్బమ్ విని వీళ్ళేమిటో తెలుసుకుందామనుకోవడం పెళ్ళి శుభలేఖ చదివి విందు రుచి చెప్పడం లాంటిది. అందుకే జనం టేపులు పట్టారు. ఏ రాత్రిది ఆ రాత్రే, పట్టకపోతే పోయినట్టే.

ఇక్కడ బ్యాండు పెద్దమనసు గురించి చెప్పాలి. వేరే బ్యాండ్ల కచేరీల్లో రికార్డరు కనబడితే లాక్కునేవాళ్ళు. లెడ్ జెపెలిన్ మేనేజరు పీటర్ గ్రాంట్ అయితే 1971లో వాంకూవర్‌లో ఓ మనిషి చేతిలో యంత్రం చూసి దొంగ రికార్డింగే అనుకుని దాన్ని పగలగొట్టించాడు. పాపం ఆ మనిషి వచ్చింది హాల్లో శబ్దం ఎంత ఉందో కొలవడానికట. గ్రేట్‌ఫుల్ డెడ్ మాత్రం చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మేం వాయించడం అయ్యాక అది మీదే అన్నది గార్సియా ధోరణి. అమ్ముకోకూడదు, అంతే షరతు. రానురాను మైకు స్టాండ్లు ఎంత పెరిగాయంటే, గొంతులూ వాయిద్యాలూ సరిపాళ్ళలో కలిపే మిక్సింగ్ బల్ల దగ్గర కూర్చునే సౌండ్ ఇంజనీరుకి స్టేజి కనబడకుండా ఓ అడవి మొలిచింది. చివరికి 1984 అక్టోబరు 27న బర్క్‌లీ కమ్యూనిటీ థియేటర్‌లో టేపర్ల కోసం మిక్సింగ్ బల్ల వెనకాల వేరే సెక్షనే పెట్టారు, దానికి వేరే టికెట్లు. ప్రేక్షకులు రికార్డు చేసుకోవడానికి బ్యాండే కుర్చీలు వేయించిందన్నమాట. ఈ వార్త మన సినిమా ఆడియో కంపెనీ పెద్దమనిషి ఎవరికైనా చెప్పి చూడండి, నీళ్ళు తాగించాల్సి వస్తుంది.

సరే, అసలు రివ్యూ.

ఒక్కో కచేరీకి ఒకటి కాదు, ఐదో పదో రికార్డింగులుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు గందరగోళపడేది ఇక్కడే. స్థూలంగా మూడు రకాలు. మిక్సింగ్ బల్ల నుంచి నేరుగా తీసినది సౌండ్‌బోర్డ్. జనంలోంచి మైకుతో పట్టినది ఆడియన్స్ టేపు. రెండూ కలిపి అతికించినది మ్యాట్రిక్స్. అందరూ చెప్పే సలహా ఏమిటంటే, సౌండ్‌బోర్డ్ ఉంటే అది వినండి, లేకపోతేనే ఆడియన్స్. నేనూ మొదటి ఆర్నెల్లు అదే నమ్మాను. ఇప్పుడు నా మాట పూర్తిగా తలకిందులు.

ఉదాహరణకి 1977 మే 8, న్యూయార్క్ రాష్ట్రంలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళ బార్టన్ హాల్. ఈ బ్యాండు అభిమానుల్ని నిద్రలో లేపి అడిగినా చెప్పే తేదీ. బెట్టీ కాంటర్ జాక్సన్ అనే సౌండ్ ఇంజనీరు ఆ రాత్రి తీసిన టేపు ఎంత పేరు తెచ్చుకుందంటే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011 జాబితాలో భద్రపరచాల్సిన రికార్డింగుల్లో చేర్చింది. ఆవిడ టేపుల కథ కూడా కష్టాల కథే. అద్దెకి తీసుకున్న గదిలో పెడితే, అద్దె కట్టలేక 1986లో వేలంలో చేతులు మారిపోయాయి. 2017లో గానీ ఈ కచేరీ అధికారికంగా విడుదల కాలేదు. విన్నాను. అద్దంలా ఉంది. గిటారు తీగ మీద వేలు జరగడం కూడా వినిపిస్తుంది. కానీ హాలు ఎక్కడ? జనం ఎక్కడ? ఓ పాట అయిపోయాక దూరంగా ఎక్కడో పక్కింటి టీవీలోంచి వచ్చినట్టు చప్పట్లు.

తర్వాత అదే రాత్రి జనంలోంచి పట్టిన టేపు పెట్టాను. మొదటి నిమిషం చిరాకేసింది, పాట బొంగురుగా ఉంది, ఈలలు. ఐదో నిమిషానికి చెవి అలవాటుపడింది. బేసు గిటారు నేల మీదుగా వచ్చి కుర్చీలోంచి ఎక్కుతున్నట్టు ఉంది. పైకప్పు ఎత్తుగా ఉన్న పెద్ద షెడ్డు లాంటి హాలది, ఆ ఎత్తు వినిపిస్తుంది. పాట మారే చోట ముందు కొంతమంది గుర్తుపట్టి కేకవేస్తారు, ఆ కేక వెనక్కి పాకుతుంది, అప్పుడు మిగతా జనానికి అర్థమై హాలంతా లేస్తుంది. బ్యాండు ఆ కేక విని వాయిస్తోంది కదా. సౌండ్‌బోర్డ్‌లో అది సగం కథే, ఎదుటివాడి మాటలు వినబడని ఫోన్ సంభాషణ లాంటిది.

దీనికి కారణం కూడా ఉంది, ఊరికే భావుకత కాదు. మిక్సింగ్ బల్ల దగ్గర చేసే మిశ్రమం హాల్లో వాళ్ళ కోసం, రికార్డింగు కోసం కాదు. చిన్న హాల్లో గిటారు ఆంప్లిఫయరు స్టేజి మీదే గట్టిగా మోగుతుంటే బల్ల దగ్గర దాన్ని తగ్గించేస్తారు, దాంతో నేరుగా తీసిన టేపులో గొంతు పెద్దగా, గిటారు గొణుగుతున్నట్టు వస్తుంది. హాల్లో కూర్చున్నవాడికి అన్నీ సరిగానే వినిపించాయి, వాడి మైకుకీ అంతే. మ్యాట్రిక్స్ చేసేవాళ్ళు ఈ రెంటినీ కలపాలని చూస్తారు గానీ, రెండు టేప్‌రికార్డర్లు సరిగ్గా ఒకే వేగంతో తిరగవు, గంట గడిచేసరికి కొన్ని సెకన్ల తేడా వచ్చేస్తుంది, దాన్ని ముక్కముక్కగా సాగదీసి సర్దాలి. బాగా చేసినవి అద్భుతం. అంతంతమాత్రంగా చేసినవి బావిలో కూర్చుని వాయించినట్టుంటాయి.

ఈ సైట్లో నాకు అన్నిటికంటే నచ్చింది పాట కూడా కాదు, ప్రతి రికార్డింగు పక్కనా ఉండే చిన్న టెక్స్ట్ ఫైలు. చాలామంది దాన్ని తెరవరు. తెరవండి. ఇలా ఉంటుంది: మైకులు నాకామిచి 300 రెండు, రికార్డరు సోనీ టీసీ-డీ5ఎం, మ్యాక్సెల్ ఎక్స్‌ఎల్-2 తొంభై నిమిషాల క్యాసెట్లు, మధ్య వరసలు, మొదటి టేపు నుంచి నేరుగా కంప్యూటర్లోకి, మూడో పాటలో టేపు తిప్పిన చోట పదకొండు సెకన్లు లేవు, ఆ ఖాళీ ఫలానా వేరే టేపుతో పూడ్చాం. చూడ్డానికి మందుల చీటీ. ఓ పది చదివాక అదే ఒక కథయిపోతుంది. ఆ సోనీ పెట్టె రెండు లావుపాటి బ్యాటరీల మీద నడుస్తుంది, అంటే వీడు ప్లగ్గు లేని చోట కూర్చున్నాడు. క్యాసెట్ ఒక వైపు నలభై ఐదు నిమిషాలే, అంటే వీడు పాట వింటూ కూడా వాచీ చూసుకుంటూనే ఉన్నాడు, ఎప్పుడు ఆపుతారా, ఎప్పుడు టేపు తిప్పుదామా అని. వీళ్ళేమో ఆపరు. ఇంక చేసేదిలేక పాట మధ్యలోనే తిప్పేస్తాడు. ఆ టక్ మనే శబ్దం, వెంటనే సంగీతం ఇంకో మెట్టు మీద నుంచి మొదలవడం. నాకిప్పుడు ఆ టక్ లేకపోతే ఏదో వెలితిగా ఉంటోంది.

జనరేషన్ అనే మాట కూడా ఆ ఫైల్లోనే నేర్చుకున్నాను. అసలు టేపు నుంచి చేసిన కాపీ మొదటి జనరేషన్, దాన్నుంచి చేసింది రెండోది, అలా. ప్రతి కాపీకీ బుస్సుమనే శబ్దం పెరుగుతుంది, గొంతు మసకబారుతుంది. ఐదో జనరేషన్ క్యాసెట్ అంటే ఐదు నోళ్ళు మారిన వార్త, విషయం ఉంటుంది, నమ్మబుద్ధి కాదు. ఇంటర్నెట్ రాకముందు ఇవన్నీ పోస్టులో తిరిగేవి. నువ్వు రెండు ఖాళీ క్యాసెట్లు, తిరుగు పోస్టేజీ పంపితే అవతలివాడు ఎక్కించి పంపుతాడు, డబ్బు ముట్టుకోడు. 1974లో వీళ్ళలో వీళ్ళు టేపులు మార్చుకోవడానికి చేత్తో చేసుకున్న చిన్న కరపత్రిక లాంటిదే తర్వాత రెలిక్స్ అనే సంగీత పత్రికయింది. ఇప్పుడు ఎన్ని కాపీలు తీసినా ఫైలు అరగదు, అరిగిందేమోనని చూసుకోవడానికి ప్రతి ఫైలుకీ వేలిముద్ర లాంటి ఓ కోడు జతచేస్తారు, అది సరిపోలితే మీ దగ్గరున్నదీ వాడు ఎక్కించిందీ బిట్టుతో సహా ఒకటే. ఈ పట్టింపు చూస్తే ముచ్చటేస్తుంది. ఈ ఫైళ్ళని సీడీకి ఎక్కించేటప్పుడు పాటకీ పాటకీ మధ్య చిటుక్ మనకుండా ఉండాలంటే ట్రాకు సరిగ్గా సెకనులో డెబ్భై ఐదో వంతు హద్దు మీద తెగాలట, అలా తెగిందని ధ్రువీకరిస్తూ ఫైలు పేర్లోనే ఓ ముక్క తగిలించేవాళ్ళు. సీడీలు పోయాయి, ఆ ముక్క మాత్రం పాత ఫైళ్ళ పేర్లలో ఇంటిపేరులా ఉండిపోయింది.

మధ్యలో ఒక మాట. ఓ ఆదివారం హాల్లో స్పీకర్లో ఇలాంటి టేపు పెట్టుకుని కూర్చుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఆ వెనకాల మాట్లాడుకునేది ఎవర్రా?"

"జనమమ్మా. కచేరీకి వచ్చినవాళ్ళు."

"పాట వినడానికొచ్చి ఆ కబుర్లేంటి, నోర్మూసుకోమని ఎవరూ చెప్పరా?"

"అది జరిగి నలభై ఏడేళ్ళయిందమ్మా, ఇప్పుడేం చెప్తాం."

కాసేపు నిలబడి విన్నది. నచ్చిందని కాదు, ఏదో గుర్తొచ్చినట్టు. మీ పెద్దమావయ్యా ఇంతే, అంది. తెనాలిలో ఎక్కడ పద్య నాటకమున్నా ఆ టేప్‌రికార్డరు చంకలో పెట్టుకుని సాయంత్రం ఆరింటికే వెళ్ళి ముందు వరసలో చోటు పట్టేవాడు. పద్యం పూర్తయ్యీ కాకముందే వన్స్‌మోర్ వన్స్‌మోర్ అని జనం గోల, ఆ టేపులు ఇంట్లో పెడితే పద్యం కంటే ఆ అరుపులే ఎక్కువ వినబడేవి. వాటిలో మీ మావయ్య గొంతే పెద్దది.

ఆ టేపులెక్కడున్నాయి అనడిగాను. మీ అత్తయ్య వాటి మీద సినిమా పాటలు ఎక్కించుకుందిగా, అంది చాలా మామూలుగా.

సరే, ఇక తిట్లు.

మొదటి తిట్టు ఆ సైట్లోని ప్లేయరుకి. పైన చెప్పాను కదా, ఈ బ్యాండు ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారిపోతుందని, ఈ సంగీతం గొప్పదనమంతా ఆ జారడంలోనే ఉందని. ఈ ప్లేయరు సరిగ్గా అక్కడే ట్రాకుకీ ట్రాకుకీ మధ్య చిన్న ఖాళీ పెడుతుంది. అర సెకనుండదు, కానీ తెల్లారకట్ల నిద్రలో ఎవరో మొహం మీద నీళ్ళు కొట్టినట్టుంటుంది. ఇన్ని వేల కచేరీలు దాచిపెట్టి, వాటిని వినే కిటికీకి మాత్రం చువ్వలు బిగించారు. దీనికి మందు ఉంది: రీలిసన్ అని అభిమానులే కట్టిన ఉచిత యాప్, సరుకు ఇదే ఆర్కైవ్ నుంచి తెచ్చుకుంటుంది, ఖాళీ లేకుండా వాయిస్తుంది, సంవత్సరాల వారీగా కచేరీలు పేర్చి పెడుతుంది. నేనిప్పుడు వినేదంతా దాంట్లోనే. మెట్రోలో మియాపూర్ నుంచి అమీర్‌పేట, అక్కడ మారి రాయదుర్గం, మూడు గంటల కచేరీ పూర్తవడానికి రాకపోకలు కలిపి ఓ రెండు రోజులు పడుతుంది. మొదటి సగం ఒకరోజు, రెండో సగం మర్నాడు. కిక్కిరిసిన పెట్టెలో నిలబడి, చెవుల్లో ఇంకో దేశపు ఇంకో గుంపు, అదో రకం సుఖం.

రెండో తిట్టు వెతకడం గురించి. పేరుతో వెతికితే ఒకే కచేరీ పన్నెండు సార్లు వస్తుంది, ఏది వినాలో చెప్పే దిక్కుండదు. చుక్కల రేటింగులు నమ్మకండి. అక్కడ రాసేవాళ్ళలో సగంమంది ఆ రాత్రి ఆ హాల్లో ఉన్నవాళ్ళు, వాళ్ళు మార్కులు వేసేది రికార్డింగుకి కాదు, తమ ఇరవయ్యేళ్ళ వయసుకి. కానీ చదవడం మాత్రం మానకండి. వాన పడిందనీ, దార్లో కారు చెడిపోయిందనీ, పక్కన కూర్చున్నామెనే తర్వాత పెళ్ళి చేసుకున్నాననీ రాస్తారు. టేపు ఎలా ఉందో ఒక్క ముక్క రాయరు.

మూడోది తిట్టో మెప్పో నాకే తెలీదు. గ్రేట్‌ఫుల్ డెడ్ సౌండ్‌బోర్డ్ రికార్డింగులు ఇక్కడ వినొచ్చు గానీ డౌన్‌లోడ్ చేసుకోలేరు. 2005 నవంబరులో బ్యాండు తరఫువాళ్ళు అడగడంతో మొత్తం డౌన్‌లోడ్లు ఆపేశారు, అభిమానులు గోలగోల చేశారు, బేసిస్టు ఫిల్ లెష్ ఈ నిర్ణయంలో నా ప్రమేయం లేదు, నాకు చెప్పనూ లేదు అని బాహాటంగా అన్నాడు. కొన్ని రోజులకే మధ్యేమార్గం కుదిరింది: జనం పట్టిన టేపులు యథాప్రకారం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, సౌండ్‌బోర్డ్‌లు మాత్రం వినడానికే. అధికారికంగా విడుదల చేసి అమ్ముకునేవి అవే కాబట్టి వాళ్ళ లెక్క నాకర్థమవుతుంది. ఈ షరతు వల్లే నేను ఆడియన్స్ టేపుల దారి పట్టాను, లేకపోతే ఇవాళ్టికీ అద్దంలాంటి సౌండ్‌బోర్డ్‌లు వింటూ అదే కచేరీ అనుకుంటూ ఉండేవాణ్ణి.

ఇంకోటి, అన్ని బ్యాండ్లూ ఇక్కడ దొరకవు. బ్యాండు ఒప్పుకుంటేనే పెడతారు, ప్రతి బ్యాండు పేజీలో వాళ్ళ షరతులు రాసి ఉంటాయి. లెడ్ జెపెలిన్ కోసమో పింక్ ఫ్లాయిడ్ కోసమో వచ్చేవాళ్ళు వట్టి చేతులతో పోతారు. ఆ బ్యాండ్ల టేపులు పట్టినవాళ్ళ కథలే వేరు, మైక్ మిలార్డ్ అనే ఆయన లాస్ ఏంజెలెస్‌లో నాకామిచి 550 రికార్డరు లోపలికి తీసుకెళ్ళడానికి చక్రాల కుర్చీలో కూర్చుని, సీటు కింద యంత్రం దాచుకుని, స్నేహితుడి చేత తోయించుకుంటూ వెళ్ళేవాడు. నడవగల మనిషే. 1994లో పోయాడు. ఆయన 1975 ఏప్రిల్ 26న పట్టిన పింక్ ఫ్లాయిడ్ కచేరీని 2025 డిసెంబరులో ఆ బ్యాండే శుభ్రం చేయించి, విష్ యు వర్ హియర్ ఆల్బమ్ యాభయ్యేళ్ళ ప్రత్యేక సంచికలో వేసుకుంది. గేటు దగ్గర పట్టుబడితే బయటికి గెంటాల్సిన సరుకు యాభయ్యేళ్ళకి అట్టపెట్టెలో అధికారికంగా అమ్మకానికొచ్చింది. చూడ్డానికి ఆయన లేడు.

నిలబడతాయా ఇవన్నీ అని మీరడగొచ్చు. నాకూ ఆ టెన్షన్ ఉంది. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి, మూడు కోట్ల పైచిలుకు ఖాతాల వివరాలు బయటపడి, సైటు కొన్నాళ్ళు మూతపడింది. పుస్తకాల మీదా, పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డుల మీదా కోర్టు కేసులు కూడా నడిచాయి. అక్కడుంది కదా అని ధీమాగా ఉండకండి, నచ్చింది దించుకోండి. మూడు గంటల కచేరీ ఫ్లాక్ అనే నాణ్యత తగ్గని ఫైళ్ళలో దాదాపు ఒక జీబీ. నేను దించుకున్నవన్నీ ఒకే హార్డ్ డిస్కులో పెట్టి, దాన్ని బల్ల మీద నుంచి కింద పడేసిన ఘనుణ్ణి. రిపేరు షాపువాడు డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, డాక్టరు లాగా తల అడ్డంగా ఊపి, కొత్త డిస్కు ధరకి మూడింతలు చెప్పాడు. ఓ దండం పెట్టి వచ్చేసి మళ్ళీ మొదటినుంచీ దించుకున్నాను. రెండు డిస్కుల్లో పెట్టండి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి.

క్యాసెట్ల పరిస్థితి ఇంకా దారుణం, వాటికి మళ్ళీ దించుకునే అవకాశం లేదు. షికాగోలో ఆడమ్ జేకబ్స్ అనే ఆయన 1984 నుంచి పట్టినవి పది వేలకు పైగా ఉన్నాయి, 1989 జూలైలో నిర్వాణా అనే రాక్ బ్యాండు ఓ చిన్న క్లబ్బులో వాయించినది కూడా వాటిలో ఉంది, ప్రపంచానికి ఇంకా వాళ్ళ పేరు తెలియని రోజులవి. ఇప్పుడు వాలంటీర్లు ఆ టేపుల్ని ఒక్కొక్కటే ఆర్కైవ్‌లోకి ఎక్కిస్తున్నారు. క్యాసెట్‌కి దగ్గరి దారి లేదు, తొంభై నిమిషాల టేపు ఎక్కించాలంటే తొంభై నిమిషాలు తిరగాల్సిందే. జీతం లేకుండా ఈ పనికి కూర్చున్నవాళ్ళని తలుచుకున్నాక నాకు ప్లేయరు మీద కోపం కాస్త తగ్గింది. పూర్తిగా తగ్గలేదు.

ఎవరు వినొచ్చు? పాట శుభ్రంగా, ఇయర్‌ఫోన్లో తళతళలాడుతూ ఉండాలనుకునేవాళ్ళు దీని జోలికి రాకండి, ఒక రాత్రి విని నన్ను తిట్టుకుంటారు. నాటకానికీ, సర్కస్‌కీ, తిరనాళ్ళకీ వెళ్ళి జనంలో నిలబడ్డ అలవాటున్నవాళ్ళు తప్పకుండా వినండి. 1977 వసంతకాలం నుంచి మొదలుపెట్టండి, ఆ మే నెలలో ఏ తేదీ పట్టుకున్నా మోసం ఉండదు. జాబితాలో ఆడియన్స్ అని రాసి ఉన్నది ఎంచుకోండి, టెక్స్ట్ ఫైల్లో జనరేషన్ అంకె చిన్నది ఉన్నది చూసుకోండి, మొదటి ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. నా రేటింగు ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ ప్లేయరు మింగేసింది.

ఇది రాస్తుండగా చిన్న సంగతి జరిగింది. అమ్మ ఫోన్లో చెప్పినట్టుంది, తెనాలి నుంచి పెద్దమావయ్య కొడుకు ఒక క్యాసెట్ పంపాడు, అత్తయ్య కంటబడకుండా మిగిలిపోయిన ఒకే ఒక్కటి. లోపల టేపుని హెడ్డుకి ఆనించి ఉంచే చిన్న మెత్త ఊడిపోయి ఉంది, జిగురు ఎండిపోతే ఊడుతుందట. ఇంకో పాత క్యాసెట్ మరలు విప్పి, రీళ్ళు దాంట్లోకి మార్చి, నిన్న రాత్రి కంప్యూటర్లోకి ఎక్కించాను. హార్మోనియం ఉంది, పద్యం ఉంది, వన్స్‌మోర్ ఉంది. ఓ గొంతు మాత్రం మైకుకి మరీ దగ్గరగా ఉంది. ఆ గొంతు దగ్గర అమ్మ రెండుసార్లు వెనక్కి తిప్పించింది. పక్కనే టెక్స్ట్ ఫైలు కూడా పెట్టాను, పద్ధతి పద్ధతే కదా. మైకు: టేప్‌రికార్డరులోదే. స్థలం: తెనాలి, ముందు వరస. జనరేషన్: అసలు టేపు. రెండో వైపు చివర్లో నాలుగు నిమిషాల సినిమా పాట ఉంది, తీసేయలేదు. తేదీ: అమ్మ రెండు సంవత్సరాలు చెప్తోంది, అత్తయ్యని అడగాలి.